బురదగుంట మినహా

ఒక పెద్ద అడవిలో జరిగిన చిన్న కథ ఇది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే చిన్నది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్ళు కూడా నిశ్చింతగా కూర్చోండి, పొంగేలోపు అయిపోతుంది. ఒక ముసలి గేదె బురదలో పడుకుంది. అంతే కథ.

ఆ గేదె పేరు బెనీతా.

గేదెకి బెనీతా అనే పేరేమిటని మీరు అడగరు, మర్యాదస్తులు. మా ఎదురింటి చిట్టెమ్మ మాత్రం అడుగుతుంది. పేరు, ఇంటిపేరు, పుట్టిల్లు, పెనిమిటి ఉద్యోగం తెలియకపోతే ఆవిడకి ఎంత మంచి కథైనా ఒంటబట్టదు. కాబట్టి అదొక్కటీ చెప్పి ముందుకు వెళ్దాం.

ఆ అడవికి నాలుగు వైపులా సముద్రం. ఒకప్పుడు ఆ సముద్రం అవతల నుంచి తెల్లకొంగలు వచ్చాయి. మిరియాలు వెతుక్కుంటూ దారి తప్పి వచ్చామన్నాయి. దారి తప్పినవాళ్ళు దారి అడుగుతారు. ఇవి మాత్రం, "ఇక్కడ పెద్ద ఎవరు?" అని అడిగాయి. అలాంటివాళ్ళెవరూ లేరని తెలియగానే, అయితే ఆ పని మేమే చూసుకుంటామన్నాయి. మూడువందల ఏళ్ళు చూసుకున్నాయి.

అడవివాళ్ళ పేర్లు కొంగలకి నోరు తిరగలేదు. దాంతో వెట్టిపని పంచడం కష్టమైంది. ఒకే ఉడుమును వారంలో మూడుసార్లు పట్టుకుపోయేవి. దాని పక్కింటి ఉడుము ఎండలో కాళ్ళు జాపుకుని పడుకునేది. ఇలా లాభం లేదని కొంగల గవర్నరు ఒకాయన తన దేశం నుంచి లావుపాటి పేర్ల పుస్తకం తెప్పించి, పేజీలు చింపి, జాతికొక పేజీ పంచిపెట్టాడు. అందుకే ఆ అడవిలో గేదెల పేర్లన్నీ 'బ'తో మొదలవుతాయి. బెనీతా, బసీలియో, బ్రిజీదా, ఇలా. కోళ్ళవన్నీ 'స'తో, పునుగుపిల్లులవన్నీ 'ల'తో. పాపం ఒంటినిండా పొలుసులుండే అలుగులకి అందింది పేర్ల పేజీ కాదు, పుస్తకం మొదట్లో ఉండే విషయసూచిక. ఇప్పటికీ వాళ్ళలో 'నాలుగో అధ్యాయం' అనే కుటుంబం ఉంది. మంచివాళ్ళే. 'ముందుమాట' వాళ్ళతోనే కొంచెం ఇబ్బంది. ఏ పెళ్ళికి పిలిచినా అందరికంటే ముందొచ్చి కూర్చుంటారు, ఎవరూ పట్టించుకోరు.

సరే, చిట్టెమ్మ కూర్చుంది. కథ.

అడవి నడుమ ఒక బురదగుంట ఉండేది. గేదెలకి అది స్నానాలగది, ఆసుపత్రి, పురిటిల్లు, కచేరీ, అన్నీను. గేదె చర్మం సంగతి మీకు తెలుసు. ఎండకి తట్టుకోదు. బురద పూసుకోకపోతే పగుళ్ళు వస్తాయి, పగుళ్ళలోకి ఈగలు వస్తాయి. గేదెలు ఆ బురదని తొక్కి కలుపుతుంటే అందులో కప్పలు పుట్టేవి. కొంగలకి మిరియాలు దొరకలేదు కానీ కప్పలు దొరికాయి.

కప్పల్ని చూసిన రోజే కొంగలు గుంట చుట్టూ వెదురుకోట కట్టేశాయి. ముందు గేటు పెట్టాయి, గేటుకి గంట పెట్టాయి, గేదెల్ని బయట పెట్టాయి. గేదెలు లోపలికి వస్తే గుంట మురికి అవుతుందన్నాయి. బురదగుంట.

అప్పటి నుంచి గేదెలు దుమ్ములో దొర్లి బతికాయి. బెనీతా వాళ్ళమ్మ ఈగలు తోలుకుంటూనే పోయింది. అమ్మమ్మ కూడా అంతే. అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట, బురద చల్లగా ఉంటుందని, మెడదాకా దిగితే లోపల ఎవరో పట్టుకున్నట్టుంటుందని. బెనీతాకి ఆ ఒక్క మాటే ఆస్తి. ఇప్పుడు ఆవిడా ముసలిదైంది. వీపు బీటలువారిన పొలంలా ఉంది. పోయేలోపు ఒక్కసారి ఆ గుంటలో పడుకోవాలి. ఆవిడకి అంతకుమించి రాజకీయం లేదు.

అడవిలో మిగతావాళ్ళకి మాత్రం రాజకీయం వచ్చింది.

తెచ్చినవాడు సెవెరో అనే పందెం పుంజు. కుర్రవాడు, ధైర్యం ఉన్నవాడు, గొంతు ఉన్నవాడు. ఒకే ఒక్క లోపం, తెల్లవారడం తనవల్లేనని నమ్మేవాడు. మన పంచాయతీలో కుళాయిలకి నీళ్ళు తనవల్లే వస్తున్నాయని నమ్మే మెంబరు గారు లేరూ, అలాగే. మూడువందల ఏళ్ళు గుడ్లు పన్నుగా కట్టింది చాలు, ఇక కట్టం అని సెవెరో కూశాడు. కోళ్ళు లేచాయి, ఉడుములు లేచాయి, అలుగులు కూడా లేచాయి. నెల తిరిగేసరికి అడవంతా వీళ్ళది, వెదురుకోట ఒక్కటే కొంగలది. సెవెరో సైన్యం కోట చుట్టూ కందకం తవ్వి కూర్చుంది. లోపల కొంగలు కప్పల్ని తిన్నాయి. తర్వాత తోకకప్పల్ని తిన్నాయి. తర్వాత ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి.

ఇంకో వారం ఆగితే గేటు దానంతటదే తెరుచుకునేది.

ఆ వారంలోనే నీటికుక్కలు వచ్చాయి.

అవి ఇంకో సముద్రం అవతలివి. హుషారైనవి. ఎవరు కనబడ్డా చెయ్యి పట్టుకుని ఊపేవి. వాటి కెప్టెను హార్పరు ఓడ దిగుతూనే సెవెరో కాలు పట్టుకుని ఊపాడు. మూడువందల ఏళ్ళలో ఒక కోడి కాలు పట్టుకున్నవాళ్ళంతా కూరకోసం పట్టుకున్నవాళ్ళే. ఇలా మర్యాదకి పట్టుకోవడం మొదటిసారి. సెవెరో అక్కడే మెత్తబడిపోయాడు.

"మిత్రమా, మాకూ కొంగలకీ పాత గొడవ ఉంది," అన్నాడు హార్పరు. "మీకు సాయం చేసి పోతాం."

"పోతారుగా?" అన్నాడు సెవెరో. అంత తెలివితక్కువవాడేం కాదు.

"సాయం చేసి," అన్నాడు హార్పరు, ఇంకోసారి కాలు ఊపుతూ.

ఇక మూడో మనిషి లూకాసు. మనిషంటే పునుగుపిల్లి. సముద్రం అవతలకి వెళ్ళి చదువుకొచ్చాడు. అడవి మొత్తంలో కొంగల భాష, నీటికుక్కల భాష రెండూ వచ్చినవాడు. పుట్టుకతోనే ఒంటికి సువాసన ఉన్నవాడు కాబట్టి ఎక్కడ ఏం మాట్లాడినా బాగానే ఉందనిపించేది. సెవెరో ఇతన్ని తన సలహాదారుగా పెట్టుకున్నాడు. హార్పరు దుబాసీగా పెట్టుకున్నాడు. గొంజాలో దొర, అంటే ఆఖరి కొంగ గవర్నరు, ఇతన్ని పాత శిష్యుడిగా పెట్టుకున్నాడు. ఒక్కడే మూడు ఉద్యోగాలూ ఏ రోజూ సెలవు పెట్టకుండా చేసుకొచ్చాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం కోట వెనకవైపు ముగ్గురూ కలుసుకున్నారు. హార్పరు, లూకాసు ఇవతల, గొంజాలో దొర అవతల, మధ్యలో వెదురుగోడ. కాస్త ఎడంగా బెనీతా గోడకి ముక్కు ఆనించి నిలబడి ఉంది. లోపలి బురద వాసన కోసం రోజూ వచ్చి అక్కడే నిలబడుతుంది.

"మీరు లొంగిపోక తప్పదు దొరగారూ," అన్నాడు హార్పరు. "తోకకప్పలు కూడా అయిపోయాయటగా."

"లొంగడానికి నాకేం అభ్యంతరం లేదు. కోళ్ళకి లొంగడానికే అభ్యంతరం," అన్నాడు గొంజాలో దొర. "మా అత్తవారి వైపు వాళ్ళకి నేను ముఖం ఎలా చూపించాలి? గుడ్లు తెచ్చిచ్చేవాళ్ళకి కోట తాళం ఇచ్చి వచ్చాడు అల్లుడు అంటారు."

"అయితే మాకు లొంగండి."

"మీకు ఊరికే లొంగితే పిరికివాణ్ణంటారు. యుద్ధం జరగాలి."

"జరిగితే దెబ్బలు తగులుతాయే!"

"తగలకూడదు."

ఇద్దరూ లూకాసు వైపు చూశారు. చదువుకున్నవాడిని దగ్గర పెట్టుకునేది ఇలాంటప్పుడు చూడ్డానికే.

"యుద్ధం చేసినట్టు చేస్తే సరిపోతుంది," అన్నాడు లూకాసు. "శనివారం పొద్దున కెప్టెను గారివాళ్ళు ముందు గేటు ఎదురుగా నిలబడి పది కొబ్బరికాయలు విసురుతారు. ఒక్కటీ గోడకి తగలదు. దొరగారివాళ్ళు లోపల నుంచి పది కేకలు వేస్తారు. పదో కాయ పడగానే తెల్లజెండా."

"గుడ్డ లేదు," అన్నాడు గొంజాలో దొర. "దుప్పట్లు కూడా ఉడకబెట్టుకుని తిన్నాం."

"తమరు ఒక రెక్క చాపితే చాలదా?"

దొర తన రెక్కని చూసుకుని, చాలుతుందని ఒప్పుకున్నాడు.

"మరి కోళ్ళు? వాళ్ళు దూకరూ?" అన్నాడు హార్పరు.

"కందకం మీకు అప్పివ్వమని అడగండి. కాలు ఊపి అడగండి. ఇస్తాడు. వాళ్ళని వెనక గుట్టమీద కూర్చోబెడదాం. చూడ్డానికి బాగుంటుంది."

"నీకేం కావాలి లూకాసూ?"

"నాకేం వద్దు. అడవిలో ఒక బడి ఉంటే బాగుంటుందని నా కోరిక."

"హెడ్మాస్టరు ఎవరు?"

"తమరు అంతగా బలవంతపెడితే నేనే."

అప్పుడు హార్పరు గోడవారగా చూసి, "ఆ గేదె వింటోంది," అన్నాడు.

"ఏ గేదె?" అన్నాడు గొంజాలో దొర. నటన కాదు. మూడువందల ఏళ్ళుగా కొంగలకి గేదెలు కనబడటం మానేశాయి.

బెనీతా నెమరు ఆపి అడిగింది. "ఏం లూకాసూ, శనివారం పొద్దున అందరూ ముందు గేటు దగ్గరే ఉంటారా?"

"అందరూ ఉంటారు అవ్వా. నీకెందుకు?"

"ఊరికే."

ఆవిడ స్వార్థపరురాలనుకునేరు. నేరుగా సెవెరో దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ సమయానికి సెవెరో విజయయాత్రకి ఏ ఈకలు పెట్టుకోవాలో చూసుకుంటున్నాడు.

"ఒరే నాయనా, వాళ్ళిద్దరూ కూడబలుక్కున్నారు. ఉత్తుత్తి యుద్ధం. కందకం ఇవ్వకు."

"అవ్వా, కెప్టెను గారు నాకు మాటిచ్చారు."

"ఏమని?"

సెవెరో ఒక ఎర్ర ఈక తీసి తోకకి పెట్టి చూసుకున్నాడు. "మాటైతే ఇచ్చారు," అన్నాడు.

"ఎందుకురా ఇదంతా? వెనకవైపు వెదురు చివికిపోయింది. నేను వీపు రుద్దుకుంటేనే ఊగుతోంది. నలుగురం కలిసి తోస్తే పడిపోతుంది. ఇవాళే వెళ్దాం రా."

"వెనకనుంచా?" సెవెరో జుట్టు నిక్కబొడుచుకుంది. "ఇంత పోరాడి దొంగలా వెనకనుంచి దూరమంటావా? ముందు గేటుగుండా, గంట మోగుతుండగా, వరసలో వెళ్ళాలి. రేపు పిల్లలు ఇది చరిత్రలో చదువుకోవద్దూ?"

"నాకు చదువుకునే పిల్లలు లేరు," అంది బెనీతా. "వీపు ఉంది."

సెవెరో ఆవిడ వీపు చూశాడు. ఈగలు ముసిరి ఉన్నాయి. అతని గొంతు కాస్త తగ్గింది. "ఇంకో మూడు రోజులే అవ్వా. శనివారం నిన్ను అందరికంటే ముందు నేనే గుంటలో దింపుతాను. ప్రమాణం."

ఆ సాయంత్రమే హార్పరు వచ్చి కాలు ఊపాడు. సెవెరో కందకం అప్పిచ్చాడు.

శనివారం వచ్చింది. గుట్టమీద అడవంతా కూర్చుంది. 'ముందుమాట' కుటుంబం మొదటి వరసలో. ఉడతలు వేయించిన గింజలు అమ్మాయి. సెవెరో ఎర్ర ఈకలు, ఆకుపచ్చ ఈకలు కలిపి పెట్టుకుని, స్వతంత్ర ప్రకటన ఉన్న తాటాకు రెక్క కింద ఇరికించుకుని, గేటు తెరుచుకోగానే దిగడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

యుద్ధం బాగానే మొదలైంది. నీటికుక్కలు కాయ విసిరాయి. అది గోడకి పదడుగుల ఇవతల పడింది. లోపల కొంగలు హాహాకారం చేశాయి. అంతకు ముందురోజు కోటలో పెద్ద గొడవ జరిగిందట. గాయపడ్డవాడి వేషం అందరికీ కావాలి, చచ్చినవాడి వేషం ఎవరికీ వద్దు. చివరికి ముగ్గురు గాయపడేట్టు, ఒకడు స్పృహతప్పేట్టు రాజీ కుదిరింది.

అంతా ఏర్పాటు ప్రకారమే నడిచేది కానీ, గొంజాలో దొర బావమరిది పెపేకి ఎవరూ చెప్పలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ అతను నిద్రపోతూ ఉన్నాడు. నాలుగో కాయ చప్పుడుకి పెపే ఉలిక్కిపడి లేచి, "బావా, శత్రువులు!" అని అరిచి, గోడమీంచి ఎగిరి వెళ్ళి ఒక నీటికుక్క ముక్కు పట్టుకుని పొడిచేశాడు. ఆ నీటికుక్క నిజంగానే ఏడ్చింది. దాని అన్న కొబ్బరికాయతో పెపే కాలు నిజంగానే విరగ్గొట్టాడు. "ఒరే, ఇది ఆటరా! ఆటరా!" అని గొంజాలో దొర లోపల నుంచి మొత్తుకుంటున్నాడు. గుట్టమీద వాళ్ళకి అది యుద్ధనినాదంలా వినబడి ఈలలు వేశారు. లెక్క పెట్టాల్సిన నీటికుక్క ఈ గోలలో ఎక్కడున్నాడో మరిచిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పది కాయల యుద్ధం పద్నాలుగు కాయలు సాగింది. దొర రెక్క చాపి చాపి భుజం పట్టేసింది.

ఈ సందడిలో వెనకవైపు పెళపెళమని చప్పుడైంది. ఎవరూ వినలేదు. బెనీతా వీపు ఆనించి ఒక్క తోపు తోసింది. చివికిన వెదురు పడిపోయింది. ఆవిడ లోపలికి నడిచింది. గుంట ఒడ్డున ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముందుకాళ్ళు పెట్టింది, వెనకకాళ్ళు పెట్టింది, మెడదాకా దిగింది. చల్లగానే ఉంది.

ముందు గేటు తెరుచుకుంది. గంట మోగింది. నీటికుక్కలు లోపలికి వెళ్ళాయి. గేటు మూసుకుంది.

సెవెరో వరస తీర్చుకుని వచ్చేసరికి గేటు దగ్గర హార్పరు నిలబడి ఉన్నాడు.

"మిత్రమా, లోపల కాస్త రద్దీగా ఉంది."

"ఇది మా అడవి."

"ఎవరు కాదన్నారు? మీ కోసమే పట్టుకున్నాం. మీరు పాలించడం నేర్చుకోగానే ఇచ్చేస్తాం."

"మేం నేర్చుకోలేదని ఎవరన్నారు?"

"కందకం అప్పిచ్చారు కదా," అన్నాడు హార్పరు, చాలా ప్రేమగా. "నేర్చుకున్నవాళ్ళు ఇస్తారా?"

సెవెరో తాటాకుని రెక్క కింద ఇంకా లోపలికి తోసుకున్నాడు. 

లోపల ఇంకో తంటా వచ్చిపడింది. సాయంత్రం సముద్రం వెనక్కి తీసే ఆటుకి కొంగల ఓడ బయల్దేరాలి. ఆలోపు ఒప్పందం మీద సంతకాలు కావాలి. ఒప్పందంలో కోటని ఖాళీగా అప్పగించినట్టు రాసి ఉంది. గుంటలో చూస్తే గేదె.

"మీ గేదెని తీసేయండి," అన్నాడు హార్పరు.

"నాది కాదు. మీరు విసిరిన కాయలతోపాటు వచ్చి పడిందేమో," అన్నాడు గొంజాలో దొర. పాపం, ఆయన జీవితంలో గేదెని చూడటం అదే మొదలు. ఇంత ఉంటుందని అనుకోలేదు.

ఆరు నీటికుక్కలు తాడు కట్టి లాగాయి. తాడు తెగి ఆరూ బురదలో పడ్డాయి. లూకాసు ఒడ్డున కూర్చుని పరిమళాలు వెదజల్లుతూ నచ్చజెప్పాడు. "అవ్వా, ఇది దేశానికి సంబంధించిన విషయం. నువ్వు ఏ పక్షమో చెప్పు."

"ఎడమ పక్క బాగా తడిసింది," అంది బెనీతా. "ఇప్పుడు కుడి పక్కకి తిరుగుతాను."

తిరిగింది. లేచిన అల ఒప్పందం కాగితం మీద పడింది.

బురదలో పడుకున్న గేదెని లేపడం మీ వల్ల అయితే చెప్పండి, మా గ్రామనౌకరుకి ఏడేళ్ళుగా కావడం లేదు. సముద్రం వెనక్కి పోతోంది. పెపే కాలు వాచిపోతోంది. చివరికి లూకాసే కలం తీసుకుని ఒక మాట చేర్చాడు. కొంగలు ఈ కోటనీ, గోడనీ, గేటునీ, గంటనీ, చుట్టూ ఉన్న అడవినీ, అందులోని సమస్త జీవుల్నీ నీటికుక్కలకి అప్పగిస్తున్నాయి, బురదగుంట మినహా.

సంతకాలు అయ్యాయి. కొంగలు వెళ్ళిపోయాయి.

ఎవరూ గమనించలేదు కానీ, కొంగలు పోవడంతో గుంట వాటిది కాకుండా పోయింది, ఆ మాటతో నీటికుక్కలది అవకుండా పోయింది. అడవంతా చేతులు మారిన రోజున బెనీతా పడుకున్నంత మేర స్వతంత్రం వచ్చేసింది. ప్రకటన చదివినవాళ్ళు లేరు. చదవాల్సిన తాటాకు గేటు బయట ఉండిపోయింది.

తర్వాత నలభై ఎనిమిది వానాకాలాలు గడిచాయి.

నీటికుక్కలు బడి పెట్టాయి. లూకాసు హెడ్మాస్టరు. ఏటా స్వపరిపాలన పరీక్ష. మొదటి ఏడు మొదటి ప్రశ్న, వరద వస్తే ఏం చేయాలి? సెవెరో, గట్టు వేయాలి అని రాశాడు. తప్పు. కమిటీ వేయాలి. మరుసటి ఏడు అందరూ కమిటీ అని రాస్తే, ఉపసంఘం అని రాయాల్సిందన్నారు. పాస్ మార్కులు ముప్పై అయిదు నుంచి అరవైకి, అరవై నుంచి తొంభైకి పెరిగాయి. ఒక ఏడు ఉడతల క్లాసంతా నూటికి నూరు తెచ్చుకుంది. పేపరు లీకయిందని పరీక్ష రద్దుచేశారు.

సెవెరో రోజూ పొద్దున్నే ఈకలు పెట్టుకుని ముందు గేటు దగ్గరికి వెళ్ళి అర్జీ ఇచ్చేవాడు. కోడిపుంజు అన్నాళ్ళు బతుకుతుందా అని చిట్టెమ్మ అడుగుతోంది. అధికారం ఇస్తామని ఎవరైనా చెప్పి ఉంచితే ఎంతకాలమైనా బతుకుతారమ్మా, మీ మావగారిని చూడు.

గుంట జోలికి మాత్రం నీటికుక్కలు పోలేదు. అవి చట్టం ప్రకారం నడిచేవి. ఒప్పందంలో లేని చోట కాలు పెట్టాలంటే తీర్మానం కావాలి, తీర్మానానికి ఫైలు కావాలి. ఆ ఫైలు మీద బురద పడి ఉంది. పడిపోయిన వెనక వెదురులోంచి గేదెలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. గేదెలు తొక్కితే కప్పలు పుట్టాయి. ఒడ్డున గడ్డి మొలిచింది. బెనీతా వీపు నున్నబడింది. ఈగలు వేరే ఊరు చూసుకున్నాయి.

ఒక రోజు నీటికుక్కలకి విసుగొచ్చింది. ఏట్లో చేపలు తగ్గాయి, బడిలో ప్రశ్నలు పెరిగాయి. ఫలానా రోజున స్వతంత్రం ఇస్తున్నామని చాటింపు వేశాయి. ఆ రోజు కెప్టెను హార్పరు వాళ్ళ తాతగారి పుట్టినరోజు. ఆ రోజే ఎందుకని అడిగితే, "ఎలాగూ మాకు సెలవు," అన్నాయి.

లూకాసు అధ్యక్షుడయ్యాడు. ఇంకెవరవుతారు? గంట కొట్టి మొదటి సభ మొదలుపెట్టి, అడవి పటం గోడకి వేలాడదీశాడు. పటం నడుమ ఒక తెల్లని ఖాళీ.

"అదేమిటి?" అన్నాడు లూకాసు.

"గుంట అండీ. తమరే మినహాయించారు," అన్నాడు గుమస్తా.

"స్వతంత్ర దేశం నడిబొడ్డున ఇంకో స్వతంత్రమా! మూడువందల ఏళ్ళు ఆ గుంట కోసమే కదా పోరాడాం," అంటూ లూకాసు కళ్ళు తుడుచుకున్నాడు. అతను ఎటు తిరిగి పోరాడాడో ఎవరూ అడగలేదు. స్వతంత్ర దేశపు మొదటి తీర్మానం, గుంటని ఆక్రమించడం. సేనాధిపతి సెవెరో.

సెవెరో ఏడ్చేశాడు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత ముందు గేటు తెరుచుకుంది, గంట మోగింది. ఈకలు సగం ఊడిపోయాయి, అయినా వరస తప్పకుండా నడిచాడు. వెనక నలభై కోళ్ళు.

గుంట దగ్గర ఆగి, "లొంగిపో!" అని కూశాడు.

"లొంగిపోయాను," అంది బెనీతా. "ఎండలో నిలబడకు నాయనా."

"అలా కాదు. ఎదిరించాలి."

"నాకు ఓపిక లేదు. నువ్వే అటూ ఇటూ రెండూ చేసుకో."

సెవెరో తాటాకు తీశాడు. అక్షరాలు చెదలు తినేశాయి. కాళ్ళు నొప్పిపెడుతున్నాయి.

"ఆ రోజు నిన్ను ముందుగా దింపుతానని ప్రమాణం చేశాను అవ్వా," అన్నాడు.

"చేశావు. నేను కాస్త తొందరపడ్డాను," అంది బెనీతా. "ఆ ఒడ్డున మెత్తటి దుమ్ముంది చూడు. కోళ్ళకి అదేగా స్నానం? నీకోసమే ఎవర్నీ తొక్కనివ్వలేదు."

సెవెరో దుమ్ము చూశాడు. వెనక్కి తిరిగి సైన్యాన్ని చూశాడు. సైన్యం అప్పటికే దొర్లుతోంది.

మూడు రోజులు చూసి సభ రెండో దళాన్ని పంపింది, ఉడుముల్ని. వారం చూసి అలుగుల్ని. 'ముందుమాట' కుటుంబం మొదట వెళ్ళింది. ఆక్రమణ ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని గుమస్తాని పంపారు. గుమస్తా వెళ్ళేముందు తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళాడు.

కథకి నీతి ఉండాలంటారు కాబట్టి చెబుతున్నాను, రాసుకోండి. దేశభక్తి ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళయినా ముందు గేటు దగ్గరే నిలబడాలి, వెనకనుంచి వెళ్ళేవాళ్ళకి దక్కేది బురదే.

ఆ దేశం ఇప్పటికీ ఉంది. జెండా ఉంది, గంట ఉంది, అధ్యక్షుడు లూకాసు ఉన్నాడు. మిగతావాళ్ళంతా గుంట దగ్గరున్నారు. పోయిన నెల ఎన్నికలు జరిగాయి. అభ్యర్థి లూకాసు ఒక్కడే. ఓటరు కూడా ఆయనే. పెట్టె తెరిస్తే ఒక ఓటు ఉంది, దాని మీద 'బురదగుంట' అని రాసి ఉంది.

లూకాసు ఓడిపోయాడు.